పెద్దమ్మ పేరు మీద మూడో నంబరు: నారాయణపేట జిల్లాలోని ఒక ఆన్‌లైన్ సేవా కేంద్రం కేస్ స్టడీ

2024 నవంబరులో ఒక మధ్యాహ్నం, మా కేంద్రానికి వచ్చిన ఒక పెద్దమ్మ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో చూశాను. ఆమె ఆ పని మీద రాలేదు. మనవరాలి గురుకుల ప్రవేశానికి ఆదాయ ధ్రువపత్రం కావాలని వచ్చింది. 2023 మే నెలలో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరు మీద ఉన్న మొబైల్ కనెక్షన్లు చూసుకునే వీలుంది కనుక, రద్దీ లేని వేళల్లో వచ్చినవారికి అది చూసిపెట్టడం నాకు అలవాటు. ఆమె కీప్యాడ్ ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టగానే మూడు నంబర్లు కనిపించాయి. ఒకటి ఆమె చేతిలోనిది. రెండోది పుణెలో సెంట్రింగ్ పని చేస్తున్న కొడుకు వాడుతున్నది. మూడోది ఎవరిదో ఆమెకూ తెలియదు, ఫోన్ చేసి అడిగితే కొడుక్కూ తెలియదు. అది తన నంబరు కాదని ఆమె తరఫున అక్కడే ఫిర్యాదు నమోదు చేశాను. ఆమె కాసేపు తెరవైపే చూసి, “నా కాయితాలు నీకు తప్ప ఇంకెవ్వరికి ఇయ్యలే గద బిడ్డా” అంది.

నన్ను నిందించాలని ఆమె ఆ మాట అనలేదు. తనకు గుర్తున్నంతలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మూడో సిమ్‌కు వాడిన కాగితం ఎక్కడి నుంచి జారిందో తేల్చడం నా వల్ల కాలేదు. అది మా కేంద్రం నుంచే పోయిందని రుజువు లేదు, పోలేదని చెప్పే ధైర్యమూ నాకు లేదు. ఆ ధైర్యం ఎందుకు లేదో వెతుక్కుంటూ పోగా తేలిన విషయాలను, చేసిన మార్పులను, వాటిలో బెడిసికొట్టినవాటిని ఇక్కడ రాస్తున్నాను.

మా ప్రాంతం గురించి కొంత చెప్పాలి. మా జిల్లా ఒకప్పుడు పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలోని ఎన్నో పెద్ద నిర్మాణ పనుల దగ్గర వినిపించిన మాట. మా మండలంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో పనిచేయగలిగిన వయసువారు పుణెలోనో ముంబైలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఊళ్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు ఉంటారు. ధ్రువపత్రం అవసరమయ్యేది ఇక్కడి పిల్లకు, సంతకం పెట్టవలసిన తండ్రి ఉండేది అక్కడ, ఆధార్‌కు ముడిపడిన ఫోను కూడా అతని జేబులోనే ఉంటుంది. ప్రభుత్వ పోర్టల్ మాత్రం దరఖాస్తుదారు, కాగితం, ఫోను ముగ్గురూ ఒకేచోట కూర్చున్నట్టు భావించి తయారైంది. ఈ ఎడాన్ని మేము పూడుస్తాం. కొడుకు వాట్సాప్‌లో ఆధార్ ఫోటో పంపుతాడు, ఓటీపీ ఫోన్‌లో చదివి చెబుతాడు, మేము ఎక్కిస్తాం, పని అవుతుంది. ఇది అక్రమమని నేను అనుకోవడం లేదు. ఇది లేకపోతే ఆ పిల్లకు సీటు రాదు. అయితే ఆన్‌లైన్ సేవల గోప్యత గురించి మాట్లాడేవారు సర్వర్ల గురించి, హ్యాకర్ల గురించి మాట్లాడినంతగా మా బల్ల గురించి మాట్లాడరు. నా అనుభవంలో కాగితం బయటపడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ బల్ల మీదనే.

ఒక ఆధార్ కార్డు మా కేంద్రంలో తిరిగిన దారి

ఆ రాత్రి షట్టరు దించి, నేనూ మా దగ్గర పనిచేసే అబ్బాయీ కూర్చుని, పెద్దమ్మ ఆధార్ ఒక్కటే ఎక్కడెక్కడ ఉందో వెతికాం. జూన్‌లో ఆమె కొడుకు పుణె నుంచి పంపిన రెండువైపుల ఫోటో మా కేంద్రం ఫోన్ గ్యాలరీలో ఉంది. ఆ ఫోన్‌లోని ఫోటోలన్నీ వాటంతట అవే క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్, అంతకుముందు మా దగ్గర పనిచేసి మానేసిన ఇద్దరికి కూడా తెలుసు. కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో అదే ఫోటో రెండుసార్లు ఉంది. పోర్టల్ కొన్ని కేబీలకు మించి ఫైలు తీసుకోదు కనుక సైజు తగ్గించిన నకలు ఒకటి డెస్క్‌టాప్ మీద వేరే ఫోల్డర్‌లో ఉంది. ఆ సైజు తగ్గించడానికి మా అబ్బాయి వాడినది ఎవరిదో తెలియని ఒక ఉచిత వెబ్‌సైట్, అంటే ఆ ఆధార్ అక్కడికీ వెళ్లింది. కరెంటు పోయిన రోజు పక్క షాపులో ప్రింటు తీయించిన పెన్‌డ్రైవ్‌లో మరొకటి దొరికింది.

ఇక రెండు చోట్లు చూసి నేను నిజంగా కలవరపడ్డాను. ఒకటి బ్రౌజర్ జ్ఞాపకం. దరఖాస్తు పేజీలో ఆధార్ గడిలో మొదటి అంకె కొట్టగానే, ఆ అంకెతో మొదలయ్యే పాత దరఖాస్తుదారుల నంబర్లన్నీ కింద వరుసగా వచ్చి నిలబడ్డాయి. తెర అందరికీ కనిపించేలా తిప్పి పెట్టుకుని, ‘మీ పేరు సరిగ్గా ఉందో చూసుకోండి’ అని ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి, ఆ మంచి అలవాటుతోనే ఒకరి నంబర్లు ఒకరికి చూపిస్తున్నానని అప్పటిదాకా తట్టలేదు. రెండోది జిరాక్స్ యంత్రం కింద ఉండే చిత్తు కాగితాల కట్ట. ఇంకు మరక పడ్డవి, వంకరగా వచ్చినవి, రెండు అడిగితే మూడు వచ్చినవి అన్నీ అందులో పడతాయి. నెలకోసారి తూకానికి వేసేవాళ్లం. మర్నాడు సాయంత్రం మా వీధి మొదట్లో ఉన్న మిర్చి బండి దగ్గరికి వెళ్లి నాలుగు బజ్జీలు తీసుకున్నాను. పొట్లం విప్పితే నూనె మరకల వెనుక ఒక కుల ధ్రువపత్రం దరఖాస్తు రెండో పేజీ ఉంది. అడుగున నింపిన చేతిరాత మా అబ్బాయిది. తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు నూనెలో తడిసి ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వీటికి తోడు బల్ల మీద తెరిచే ఉంచే మా నోటు పుస్తకంలో పేరు, ఆధార్, ఫోను ఒకే వరుసలో రాసి ఉన్నాయి. మొత్తం తొమ్మిది చోట్లు లెక్కకు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా దురుద్దేశంతో పెట్టుకున్నది కాదు. ప్రతి ఒక్కటీ ఎప్పుడో ఎవరి పనో తొందరగా కావడానికి చేసినది.

ఇంకొకటి మా అబ్బాయే తలవంచుకుని చెప్పాడు. దరఖాస్తులో మొబైల్ నంబరు అడిగిన చోట చాలామందికి తన నంబరే వేసేవాడు. ఒక్క ఆ సీజన్‌లోనే అలాంటివి ఇరవైమూడు దొరికాయి. కారణం అడిగితే అతను చెప్పినదాంట్లో తప్పు పట్టలేకపోయాను: జనం ఫోన్లలో రీఛార్జి ఉండదు, నంబర్లు మారుతుంటాయి, మెసేజ్ వచ్చినా చదివేవారు ఉండరు, తన నంబరుకు వస్తే ధ్రువపత్రం మంజూరైన గంటలోనే ప్రింటు తీసి కబురు పెట్టగలడు. జనానికి నిజంగానే ఇది అనుకూలంగా ఉంది. కానీ ఆ అబ్బాయి రేపు మానేసి పోతే, ప్రభుత్వం దృష్టిలో ఆ ఇరవైమూడు మంది చిరునామా అతనితోపాటే వెళ్లిపోతుంది.

మొదటి దిద్దుబాటు, దాని పర్యవసానం

భయపడినవాడు చేసే పనే నేనూ చేశాను. ‘వాట్సాప్‌లో కాగితాలు తీసుకోబడవు, దరఖాస్తుదారు ఒరిజినల్స్‌తో స్వయంగా రావలెను’ అని బోర్డు పెట్టాను. పదిహేను రోజులు గడవకముందే ముంబై నుంచి ఒకాయన రాత్రంతా బస్సులో ప్రయాణించి వచ్చాడు, కూతురి కాగితం మీద నా ఎదుట సంతకం పెట్టడానికి. రానుపోను ఛార్జీలు, రెండు రోజుల కూలి పోయాయి. “ఫోటో పంపితే అయ్యేదట గదన్నా, ఇప్పుడేమొచ్చె?” అని అడిగాడు. మిగతావారు నాతో వాదించలేదు, పక్క షాపుకు వెళ్లారు. అక్కడ ఆ తొమ్మిది చోట్లూ అలాగే ఉన్నాయి. అంటే నా బోర్డు వల్ల ఎవరి వివరాలకూ రక్షణ పెరగలేదు. నేను శుభ్రం చేసుకోవలసిన బల్లకు బదులు వాళ్ల చేత ప్రయాణం చేయించాను. బోర్డు తీసేశాను.

ఆ తరువాత పాటించిన సూత్రం ఒక్కటే: జాగ్రత్తకు అయ్యే ఖర్చు, శ్రమ మా వైపు పడాలి, వచ్చినవారి వైపు పడేది వీలైనంత తగ్గాలి. వాట్సాప్ కోసం విడిగా ఒక ఫోను పెట్టి, అందులో ఫోటోలు గ్యాలరీకి చేరకుండా, క్లౌడ్‌కు వెళ్లకుండా ఆపి, 24 గంటల్లో సందేశాలు మాయమయ్యే అమరిక పెట్టాను. ఒక్కసారి మాత్రమే కనిపించే ఫోటోగా పంపమని కూడా ప్రయత్నించి చూశాం; దాన్ని భద్రపరచడం కుదరదు కనుక పోర్టల్‌లో ఎక్కించడమూ కుదరదు, ఆ ఆలోచన వదిలేశాం. దానికి బదులు, జిరాక్స్ మీద అడ్డంగా ‘గురుకుల ప్రవేశం, ఆదాయ ధ్రువపత్రం కోసం మాత్రమే’ అని, తేదీతో సహా రాసి ఫోటో తీసి పంపమంటున్నాం. ఆ రాతను దాటి ఆ కాగితాన్ని మరో పనికి వాడటం అసాధ్యమని చెప్పను, కష్టం మాత్రం అవుతుంది. సైజు తగ్గించే పని ఇప్పుడు కంప్యూటర్‌లోనే ఉన్న సాధనంతో చేస్తున్నాం. బ్రౌజర్ గుర్తుపెట్టుకోవడం ఆపేశాం. చిత్తు కాగితాలు తూకానికి పోవు. కాగితాన్ని సన్నని ముక్కలుగా కోసే చిన్న యంత్రం కొన్నాను.

చివరి అంకెలు నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గురించి చాలామంది అడుగుతారు. లాడ్జిలోనో కొరియర్ ఆఫీసులోనో ఇవ్వవలసి వస్తే అదే ఇవ్వమని గట్టిగా చెబుతాను. కానీ దాన్ని జతచేసి పంపిన రెండు దరఖాస్తులు ఒక కార్యాలయం నుంచి ‘ఆధార్ స్పష్టంగా లేదు’ అని తిరిగి వచ్చాయి. నంబరు దరఖాస్తులో ఎలాగూ పూర్తిగా నింపాం, పరిశీలించే అధికారికి అది తెరమీద కనిపిస్తుంది. అయినా కాగితం మీద కూడా పూర్తి నంబరు ఉండాలన్న పాత అలవాటు పోలేదు.

కాగితాలు ఎంతకాలం ఉంచుకోవాలన్న ప్రశ్న నేను అనుకున్నంత తేలిగ్గా తేలలేదు. పని అయిన రోజే తుడిచేస్తే, దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ అడగాలి; “మొన్ననే ఇస్తిమి గద” అంటారు. చివరికి ధ్రువపత్రం చేతికి అందే వరకు ఉంచి, అందిన రోజు వారి ముందే తీసేసే పద్ధతి పెట్టుకున్నాం. దీనికి అభ్యంతరం చెప్పిన మొదటి మనిషి పెద్దమ్మే. వానకు ఇల్లు కురిసి ఒకసారి ఆమె కాగితాలన్నీ తడిసిపోయాయట, “నీ కాడ ఉంటే పైలంగ ఉంటయి” అంటుంది. ఆమె లెక్కలో గోప్యత కన్నా ముందున్నది భద్రం, తెలిసిన మనిషి దగ్గర ఉండటమే ఆ భద్రం. ఆ లెక్కను తీసిపారేయగల తెలివి నాకు లేదు. ప్లాస్టిక్ కవరు ఫైలు ఒకటి కొనిచ్చి, అందులో ఐదేసి జిరాక్సులు పెట్టి ఇంటికి పంపాను.

నేను చేసిన పెద్ద పొరపాటు

సిమ్ సంగతి బయటపడ్డాక పెద్దమ్మ వేలిముద్రల గురించి నాకు బెంగ పట్టుకుంది. వేలిముద్రతో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసే మోసాలు మన రాష్ట్రంలో ఎవరికీ కొత్త కాదు. ఆధార్ బయోమెట్రిక్స్‌ను లాక్ చేసుకునే సదుపాయం ఉంది కనుక, పుణెలో ఉన్న కొడుకుతో ఓటీపీ చెప్పించుకుని లాక్ చేశాను. మంచిపని చేశానన్న తృప్తితో ఇంటికి పంపాను.

తరువాతి నెల ఆమె రేషన్ షాపుకు వెళ్తే యంత్రం వేలు తీసుకోలేదు. కనుపాప కూడా తీసుకోలేదు, ఎందుకంటే లాక్ అన్నింటికీ కలిపి పడుతుంది. ఫోనుకు ఓటీపీ పంపుదామంటే ఆధార్‌కు ఉన్న నంబరు కొడుకుది. అతను ఆ రోజు ఏదో భవనం సెల్లార్‌లో పనిలో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. పోస్టాఫీసులో 2,016 రూపాయల పింఛనుకూ ఇదే ఎదురైంది. ఆమె రెండు రోజులు అక్కడికీ ఇక్కడికీ తిరిగి మూడో రోజు మా దగ్గరికి వచ్చింది. “ఏలు అరిగిపోయినయేమో బిడ్డా” అని అరచేతులు నా ముందు చాపింది. అరిగింది ఆమె వేళ్లు కావు. నేను వేసిన తాళం అది. తాళంచెవి పుణెలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం కొడుకు దొరికాడు, లాక్ తీసేశాం, బియ్యం వచ్చాయి. ఈ పొరపాటు నాకు నేర్పిన విషయం సాంకేతికమైనది, చాలా ముఖ్యమైనది కూడా: ఒక రక్షణ వేసే ముందు దాన్ని తీయగలిగేది ఎవరు, ఎంతసేపట్లో, ఎవరి ఫోన్‌తో అని అడగాలి. సొంత ఫోనుకు ఆధార్ ముడిపడి, యాప్ వాడటం తెలిసినవారికి లాక్ మంచిదే. వేలు పెడితేనే నెల గడిచే ఒంటరి ముసలివాళ్లకు, ముందుగా వారి ఆధార్‌కు వారి చేతిలో ఉండే నంబరు ఎక్కించకుండా లాక్ వేయడం అపకారం. పెద్దమ్మను అప్పుడు మండలంలోని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి ఆమె కీప్యాడ్ ఫోన్ నంబరే ఆధార్‌కు ఎక్కించాం. లాక్ మాత్రం మళ్లీ వేయలేదు. ఖాతాలో డబ్బు కదిలితే మెసేజ్ వచ్చే ఏర్పాటు చేసి, ఆ మెసేజ్ వస్తే మనవరాలు చదివి వినిపించేలా చెప్పాం.

దాచవలసినది, దాచకూడనిది

ఈ పని చేస్తున్నకొద్దీ, గోప్యత అంటే అన్నీ మూసేయడం అనుకునేవారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. భూమి రికార్డులనే తీసుకోండి. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లో తమ భూమి వివరాలు ఇతరులకు కనిపించకుండా పెట్టుకునే వీలు ఉండేది. దూరాన ఉన్న యజమానికి అది కొంత నిశ్చింత. కానీ పుణెలో ఉన్న కూలీకి ఉన్న ఎకరం మీద ఎవరి పేరు ఎక్కిందో ఊళ్లో బంధువు చూసి చెప్పగలగడమే పెద్ద కాపలా. పహాణీ నలుగురూ చూడగలిగే కాగితంగా ఉండటంలో ఒక న్యాయం ఉంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు బయటికి కనిపించాలనే నా అభిప్రాయం. కనిపించకూడనివి వేరే ఉన్నాయి. 2018లో మన రాష్ట్రంలోనే, పెద్దపల్లి జిల్లాలో, ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల ప్రతులను ఆన్‌లైన్‌లో తీసుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. అక్కడ దస్తావేజు బహిరంగంగా ఉండటం తప్పు కాదు. దానితోపాటు వేలిముద్రను, ఆధార్ నంబరును కూడా బయట పెట్టడమే తప్పు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదని 2016 నాటి ఆధార్ చట్టమే చెబుతోంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిలో ప్రధానమైన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలల తరువాత అమల్లోకి వస్తాయి. సబ్సిడీలు, ధ్రువపత్రాలు, లైసెన్సుల వంటి వాటికోసం ప్రభుత్వం కొన్ని షరతుల మీద, ప్రతిసారీ కొత్తగా సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవడానికి ఈ చట్టం వీలు కల్పించింది. అందువల్ల, ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో మేము పెట్టే టిక్కు మీద ఎక్కువ ఆశ పెట్టుకోనవసరం లేదు. ఆ టిక్కు పెట్టేది ఎలాగూ మేమే, చదివి పెట్టమని అడిగినవారు ఈ పదకొండేళ్లలో నాకు కనిపించలేదు. అసలు బలం నిబంధనల రెండో షెడ్యూలులో ఉంది: అవసరమైనంత డేటానే తీసుకోవాలి, అవసరం ఉన్నంత కాలమే ఉంచాలి, తగిన భద్రత పాటించాలి. ఇది శాఖలకు రాసినదే అయినా, మా వంటి మధ్యవర్తుల బల్ల వరకు వస్తేనే పెద్దమ్మకు చేరినట్టు.

అలా చేరాలంటే పోర్టల్‌లు తయారుచేసేవారి నుంచి నేను ఆశించేవి మూడున్నాయి. దరఖాస్తులో ‘సహాయం చేసినవారు’ అని వేరే గడి ఉండాలి. అది లేకపోవడం వల్లనే మా నంబర్లు దరఖాస్తుదారు గడిలోకి చేరుతున్నాయి. ఓటీపీ సందేశంలో ఏ పనికోసం అడుగుతున్నారో తెలుగులో ఒక్క మాట ఉండాలి, అప్పుడు ఫోన్‌లో చదివి చెప్పే కొడుకుకైనా తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలుస్తుంది. సైజు తగ్గించే పని పోర్టలే చేసుకోవాలి. ఈ మూడో కోరిక చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఎక్కడివో తెలియని ఉచిత వెబ్‌సైట్లలోకి మన జనం ఆధార్ కార్డులు వెళ్లడానికి నాకు కనిపించిన కారణాల్లో ఇంత సులభంగా తొలగించగలిగేది మరొకటి లేదు.

మా మార్పుల వల్ల ఒక్కో దరఖాస్తుకు నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతోంది. గురుకుల సీజన్‌లో వరుస షాపు మెట్లు దాటుతుంది, విసుక్కునేవారుంటారు. నిలబడి ఉన్నవారికి కారణం చెబితే చాలామంది ఊరుకుంటారు.

నా దగ్గర ఇంకా సరైన జవాబు లేని కేసులు ఆడవాళ్లవి. చాలామంది ఆధార్‌కు ఉన్న నంబరు భర్తదే. కాపురం బాగున్నంత కాలం అది సౌలభ్యం. ఈ మధ్య ఒక అమ్మాయి, తల్లిగారింటికి వచ్చేసి ఏడాదైందట, ఒంటరి మహిళ పింఛనుకు కాగితాలు సిద్ధం చేయమని వచ్చింది. ప్రభుత్వ పత్రాలు ఆన్‌లైన్‌లో ఉండే డిజిలాకర్ తెరిచి ఆమె పత్రాలు తీద్దామని నంబరు కొట్టబోతుంటే, “అన్నా, ఆ ఓటీపీ ఎవరికి పోతది?” అని అడిగింది. ఆ ఓటీపీ వెళ్లేది ఆమె ఎవరికి తెలియకూడదనుకుంటున్నదో అతనికే. అతను తలచుకుంటే ఆ ఓటీపీతో ఆమె పత్రాలన్నీ తెరిచి చూడగలడు కూడా. కంప్యూటర్ పక్కకు పెట్టి, దరఖాస్తు సంగతి తరువాత చూద్దామని చెప్పి, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకు రమ్మన్నాను. ఆమెకు సొంత ఫోను లేదు. తల్లి ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి పంపాను. మా నోటు పుస్తకంలో మాత్రం ఏమీ రాయలేదు.